పీనుగకు ఐదు వందలు

టెలిగ్రాం తెచ్చే జవాను సైకిలు పద్మశాలి వాడ మలుపు ఇంకా తిరగనే లేదు, ఏడుపు మొదలైంది.

పంతొమ్మిది వందల అరవై రెండు నాటికి సుల్తానాబాద్‌లోని ఆ వాడకు వచ్చిన తార్‌లు మొత్తం మూడు. ఒకటి బొంబాయి మిల్లులో యంత్రం పట్టా కింద నలిగిపోయినవాడి గురించి. ఒకటి భీవండిలో కలరాతో పోయినవాడి గురించి. మూడోది షోలాపూర్‌లో బావిలో పడ్డ ఆడమనిషి గురించి. ఇంకో రకం తార్ ఉంటుందని ఆ వాడలో ఎవరికీ తెలియదు. ఖాకీ బట్టలవాడి చేతిలో మడిచిన కాగితం కనిపిస్తే ఎవరింటికని అడుగుతారే తప్ప, ఏం రాశారని అడగరు.

"కైలాసం ఇల్లేది?" అన్నాడు జవాను.

"అయ్యో, కైలాసమా!" అని ఎదురింటి బుచ్చవ్వ అక్కడికక్కడే కూలబడింది. నిన్నటిదాకా ఇదే బుచ్చవ్వ, రాచపుండు అంటుకుంటుందని కైలాసం పెళ్లాన్ని చేదబావి దగ్గరకు రానివ్వలేదు. ఇప్పుడు గుండెలు బాదుకుంటూ కైలాసం మంచితనాన్ని ఏకరువు పెట్టడం మొదలుపెట్టింది.

కైలాసం పెళ్లాం అనసూర్య రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఏడుపు విని బయటికొచ్చేసరికి జవాను కాగితం చేతికిచ్చి, వేలిముద్ర వేయించుకుని, మొహం పక్కకు తిప్పుకుని వెళ్లిపోయాడు. వాడికీ అందులో ఏముందో తెలియదు. ఏడుపులు విని తెలిసిందనుకున్నాడు.

ఆమె గడపలోనే నిలబడి కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

కైలాసం బుగ్గ లోపల పుండు లేచి ఎనిమిది నెలలు. తంబాకు నమిలే బుగ్గ. మొదట చెట్ల మందులవాడు పసరు పోసి అనసూర్య వెండి కడియాలు పట్టుకుపోయాడు. తర్వాత ఇంకొకడు పుండు మీద వాత పెట్టి ఇత్తడి బిందెలు పట్టుకుపోయాడు. ఆ ఇద్దరూ దోచుకోగా మిగిలిన మనిషిని కరీంనగర్‌లో డాక్టరుకు చూపిస్తే, ఆయన టార్చిలైటు వేసి చూసి, "పట్నం పోండ్రి, రేడియం పెట్టాలె" అన్నాడు. ఆ మాటొక్కటే చెప్పి రెండు రూపాయలు తీసుకున్నాడు. మిగతావాళ్లతో పోలిస్తే ఆయనే నయం.

పట్నం దవాఖానలో మంచం ఉచితమే, ఖాళీ ఉంటే. నెత్తి మీద కప్పు ఉచితమే. రేడియం సూదులు మాత్రం బయటి డాక్టరువి. ఉన్నది ఒక్క జత. ఒకరి బుగ్గలోంచి తీశాక మరొకరికి పెట్టాలి. కిరాయి నాలుగొందలు, ముందుగానే కట్టాలి. మూడు నెలల తర్వాత మళ్లీ ఇంకోసారి పెట్టాలి. వంతు వచ్చిన రోజు డబ్బు లేకపోతే సూదులు పక్క మంచానికి పోతాయి.

అనసూర్య కైలాసాన్ని దవాఖాన వరండాలో తన తల్లి శంకరవ్వకు అప్పగించి డబ్బు కోసం ఊరికొచ్చింది. వచ్చేముందు కంపౌండరు చేతిలో రెండు రూపాయలు పెట్టి, "వంతు వస్తె తార్ కొట్టు అన్నా" అని చెప్పింది. ఆ మాట ఆమెకు గుర్తుంది. కాని వాడలో ఇరవై మంది ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడుస్తుంటే అలాంటి మాట ఎంతసేపు నిలబడుతుంది?

నిన్ననే బావ గడప తొక్కి వచ్చింది.

కైలాసం అన్న సిద్దిరాములుకు ఇరవై రెండు మగ్గాలు. వాడలో సగం మంది ఆయన కూలివాళ్లే. ఆ మగ్గాలు ఎలా వచ్చాయో అందరికీ తెలుసు. అరవై నంబరు సన్న నూలు గుడ్డ అని అమ్మేదాంట్లో నలభై నంబరు ముతక నూలు కలపడం, పడుగులో నాలుగేసి నిలువు పోగులు ఎగ్గొట్టడం. కొన్నవాడు రెండు ఉతుకుల తర్వాత తిట్టుకుంటాడు. ఆ తిట్లు సుల్తానాబాద్ దాకా వినిపించవు. "అన్నా, గీ గుడ్డ చూస్తె నాకు సిగ్గైతుంది" అన్నందుకే కైలాసం ఆయన దగ్గర్నుంచి విడిపోయి ఒంటి మగ్గం పెట్టుకున్నాడు. ఇప్పుడా మగ్గం కూడా నూట ఇరవైకి అన్న దగ్గరే కుదువలో ఉంది.

"నాలుగొందలా!" అన్నాడు సిద్దిరాములు నిన్న, పీట మీద కూర్చుని జొన్నరొట్టె తుంచుతూ. "రాచపుండుకా! పిల్లా, వాడు ఎట్లైన పోయేటోడే. పోయేటోని మీద పైసలు పెట్టి ఉన్నోళ్లం కూడ పోవాల్నా?"

"సూదులు పెడితె నయమైతదని డాక్టరు చెప్పిండు బావా."

"డాక్టరు చెప్తడు. వాని సూదులు కిరాయికి తిరగాలె గద."

ఆయన భార్య గంగుబాయి రాత్రి మిగిలిన అన్నం ఆకులో పెట్టి తెచ్చింది. "ముఖం పీక్కపోయింది చెల్లె, తినిపో. పాపం." ఆ "పాపం" అన్న మాటే ఆ ఇంట్లో ఖర్చు లేకుండా దొరికే వస్తువు.

*

అరగంటలో వాకిలి నిండిపోయింది. సిద్దిరాములు తెల్ల ధోవతి మార్చుకుని మరీ వచ్చాడు. తమ్ముడి చావు కబురు విన్నవాడు ధోవతి మార్చుకోవడానికి ఆగాడంటే కారణం ఉంది. పక్క నెలలో చేనేత సహకార సంఘం అధ్యక్షుడి ఎన్నిక, ఆయన పోటీకి దిగుతున్నాడు. ఇప్పుడున్న అధ్యక్షుడు, కులపెద్ద అంబదాస్, అప్పటికే వచ్చి అరుగు మీద మంచి చోటు చూసుకుని కూర్చున్నాడు.

"బావా," అంది అనసూర్య. కాగితం ముందుకు చాచింది. "పంతులును పిలుస్తె చదువుతడు. ఏం రాసిండ్రో."

"చదివేదేముంది పిల్లా?" అన్నాడు సిద్దిరాములు, అందరికీ వినబడేలా. "దవాఖాన నించి తార్ వచ్చింది. రాచపుండు మనిషి. చదివితె బతికొస్తడా? ఇంగ్లీషుల చదివితె ఒక తీరు, తెలుగుల చదివితె ఒక తీరు ఉంటదా?"

ఎవరో ముక్కు చీదారు. ఎవరో అవునన్నారు.

"పంతులు బడికి పోయిండు, పిలిపిద్దాం. పది నిమిషాల పని," అన్నాడు అంబదాస్.

"అక్కర లేదంటున్న గద. నా తమ్ముడు! నా నెత్తురు! నాకు తెల్వదా?"

అనసూర్య ఆ కాగితం పట్టుకుని లోపలికి నడిచింది. మగ్గం గుంట దగ్గర చిన్న కిటికీ ఉంది. కైలాసం పోగులు లెక్క చూసుకునేది ఆ వెలుతురులోనే. ఎందుకు విప్పిందో ఆమెకే తెలియదు. ఇంగ్లీషు రాదు. తెలుగే అంతంత మాత్రం. కాని నూలు కట్టల మీద నంబర్లు ఇంగ్లీషు అంకెల్లోనే ఉంటాయి. నలభై, అరవై, ఎనభై, నూరు. నంబరు తప్పు చదివితే వారం కూలి పోతుంది కాబట్టి, ఆ వాడలో అక్షరం రాని ఆడవాళ్లకు కూడా ఇంగ్లీషు అంకెలు తప్పు పోవు.

ఒక పంక్తి. నాలుగైదు మాటలు, నల్ల చీమల వరస లాగా. వాటి మధ్య ఒక పన్నెండు. చివర నాలుగు, సున్న, సున్న.

నాలుగొందలు.

ఆమె మళ్లీ చూసింది. కాగితాన్ని కిటికీకి దగ్గరగా పెట్టి, వేలు పెట్టి మూడోసారి చూసింది. నాలుగు, సున్న, సున్న.

చచ్చిన మనిషి గురించి రాసేటప్పుడు నాలుగొందల మాట ఎందుకొస్తుంది? దవాఖాన నుంచి ఆ అంకె రాసి పంపేవాళ్లు ఇద్దరే. కంపౌండరు, సూదుల డాక్టరు. పన్నెండు అంటే పన్నెండు గంటలు. శుక్రవారం సూదులు ఖాళీ అవుతాయని కంపౌండరు ముందే అన్నాడు. శుక్రవారం పన్నెండులోపల నాలుగొందలు. ఇవాళ బుధవారం.

బతికున్నాడు!

ఆమె పరుగున గడప దాకా వచ్చింది, అరిచి చెప్పడానికి నోరు కూడా తెరిచింది. సరిగ్గా అప్పుడే బయట సిద్దిరాములు గొంతు వినబడింది.

"పీనుగను లారీల తెప్పిస్త. దినాలు ఘనంగ చేస్త. ఖర్చుకు వెనక చూసేది లేదు. రెండొందలు ఇప్పుడే పెడుతున్న!"

అనసూర్య తెరిచిన నోరు మూసుకుంది.

"రెండొందలకు దినాలు ఏమైతయి సిద్దిరాములూ," అన్నాడు అంబదాస్, చుట్ట ఆర్పుకుంటూ. "లారీకే నూట యాభై. సంఘంల మెంబరు కైలాసం. సంఘం తరఫున నేను మూడొందలు ఇస్త."

సిద్దిరాములు మొహం ఎర్రబడింది. వాకిట్లో నలభై మంది. అందులో ముప్పై మందికి ఓట్లున్నాయి.

"తమ్ముడు నాకు, ఖర్చు నీకా? మూడొందల యాభై!"

"నాలుగొందలు," అన్నాడు అంబదాస్ తాపీగా.

కూరగాయల అంగట్లో గుమ్మడికాయకు పాట పాడుతున్నట్టుంది. కొందరు ఏడుపు ఆపి వినడం మొదలుపెట్టారు. గుమ్మం వెనక నిలబడ్డ అనసూర్యకు నిన్నటి జొన్నరొట్టె గుర్తొచ్చింది. ఆకులో చద్దన్నం గుర్తొచ్చింది. బతకడానికి రాని నాలుగొందలు చావగానే కాళ్లొచ్చినట్టు ఎలా నడిచొస్తున్నాయో చూస్తోంది.

"ఐదొందలు!" అని సిద్దిరాములు తొడ చరిచినంత పని చేశాడు. "ఐదొందలు నా తమ్మునికి! ఇంకెవడన్న మాట్లాడితె చూస్త!"

అంబదాస్ చేతులు జోడించాడు. "నీ ఇష్టం సావుకారీ. తమ్ముడు నీవాడు. నువ్వే పెట్టు." పైసా ఖర్చు లేకుండా శత్రువు జేబుకు బెజ్జం పెట్టినవాడి మొహం మీద ఎంత దుఃఖం ఉండాలో అంతే ఉంది.

*

ఆడవాళ్లు లోపలికొచ్చారు. ముందు గంగుబాయి. ఆమె చేతిలో సన్నికల్లు పొత్రం ఉంది.

"చెల్లె, చేతులు ఇటియ్యి."

అనసూర్య ఆ రాయి చూసింది. తర్వాత తన చేతుల పచ్చగాజులు చూసుకుంది. జాతరలో కైలాసం కొనిచ్చినవి.

"అక్కా, పీనుగను చూసినవా?"

"ఎక్కడ్నో పట్నంల ఉంటె ఎట్ల చూస్త?"

"నేను చూడలె, నువ్వు చూడలె. చూడని పీనుగకు గాజులు పగులగొడ్తరా? నీ ఇంట్ల గట్లనే చేస్తరా?"

"నోరు జూడు! మొగడు పోయినా పొగరు పోలె!"

"ఆయన మొఖం చూసినంకనే గాజులు తీస్త. గప్పటిదాక ఎవ్వరు ముట్టినా ఊకోను."

గంగుబాయి పొత్రం పట్టుకుని అటూ ఇటూ చూసింది. పొద్దున్నే ఇంత బరువు మోసుకొచ్చిన పని వృథా అయినందుకు ఆమె మొహంలో నిజమైన దుఃఖం కనబడింది. ఆ రోజు ఆ ఇంట్లో కనబడ్డ మొదటి నిజమైన దుఃఖం అదే.

అనసూర్య బయటికొచ్చి కులం ముందు నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి. దుఃఖం కాదు, కోపం. చూసేవాళ్లకు తేడా తెలియదు.

"పన్నెండు గంటల బస్సుకు పోత," అంది. "పెద్దపల్లిల రైలు దొరుకుతది. బావ ఏం ఇస్తడో కులం ముందట ఇయ్యుమనుండ్రి."

ఆ వాడలో ఒక కట్టడి ఉంది. చావు ఇంట్లో కులం ముందు ఇచ్చిన సొమ్ము ఆ ఇంటి ఆడమనిషి కొంగులో పడుతుంది. పడ్డాక వాపసు అడిగే మాట లేదు. అడిగినవాడితో కులానికి పొత్తు కూడా ఉండదు. సిద్దిరాములు ఆ కట్టడిని ఎన్నోసార్లు ఇతరుల మీద ప్రయోగించాడు. ఇవాళ ఇల్లు తన తమ్ముడిది కాబట్టి గర్వంగా నోట్లు తెప్పించి, వంద రూపాయల నోట్లు ఐదు, ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ అనసూర్య కొంగులో వేశాడు. వాటితోపాటు తన మగ్గాల మీద నేసిన తెల్ల గుడ్డ, ఎనిమిది గజాలు.

"అరవై నంబరు. అసలు సరుకు," అన్నాడు. "నా తమ్ముని మీద కప్పాలె."

అనసూర్య కొంగు ముడి వేసింది. బిగించి, ఇంకోసారి వేసింది.

*

బస్సు ఆగే చోట చింతచెట్టు కింద సగం వాడ పోగైంది. బస్సు ఇంకా రాలేదు. అనసూర్య చంకలో గుడ్డమూట, నడుములో కొంగుముడి. సిద్దిరాములు చేతిసంచి పట్టుకుని వచ్చాడు. తను కూడా వస్తున్నాడట.

అనసూర్య ఒకడుగు వెనక్కి వేసింది. ఈయన పట్నం దాకా వస్తే? దవాఖాన వరండాలో తమ్ముడు కళ్లు తెరుచుకుని కనిపిస్తే? కొంగులోని డబ్బు కౌంటరు దాకా పోతుందా?

ఆయన ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"పైసలు ఇటియ్యి పిల్లా. రైలుల దొంగలుంటరు. ఆడదాని నడుముల ఉండేటియి కావు అవి."

"నా తాననే ఉండనియ్యి బావా."

"చెప్పితె వినవా? లారోనితోని మాట్లాడేది నేను. బియ్యం కొనేది నేను. నూటయాభైల అయిపోయేదానికి ఐదొందలు నువ్వెందుకు మోస్తవు?"

అదీ అసలు మాట! కులం ముందు ఐదొందలు, చాటుకు వచ్చేసరికి నూటయాభై. మిగతా మూడొందల యాభై మళ్లీ ఆయన పెట్టెలోకే. పడుగులో పోగులు ఎగ్గొట్టినంత తేలిక.

"కులం ముందట ఇచ్చినవు. కులం ముందటనే అడుగు," అంది అనసూర్య. చెయ్యి ముడి మీద పెట్టుకుంది.

ఆయన చెయ్యి చాచాడు. అంతలో కరీంనగర్ వైపు నుంచి ధూళి లేచింది. ఎర్ర బస్సు. దానికోసమే టపా సంచి భుజాన వేసుకుని పోస్టు మాస్టరు రాజయ్య ఆదరాబాదరా వచ్చాడు. పెద్దపల్లికి పోయే టపా ఆ బస్సులోనే వేయాలి. ఆ ఊళ్లో తార్ యంత్రం టకటకలు విని కాగితం మీద రాసేది ఆయనొక్కడే. అంటే పొద్దున్నుంచి ఆ ఊళ్లో తార్ చదివినవాడు కూడా ఆయనొక్కడే.

అనసూర్యను చూసి రాజయ్య ఆగాడు. పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

"బిడ్డా, బయలెల్లినవా? మంచిదాయె! సూదుల వంతు వచ్చిందట గద. శుక్రవారం పన్నెండులోపల నాలుగొందలు కట్టాలెనట. జమ అయినయా?"

చింతచెట్టు కింద ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా రాజయ్య వైపు తిరిగారు.

"ఏం వంతు?" అన్నాడు సిద్దిరాములు.

"నీ తమ్మునికి సావుకారీ. రేడియం పెడ్తరట." రాజయ్య చుట్టూ చూశాడు. ఏడ్చి ఉబ్బిన మొహాలు, తెల్లగుడ్డ మూట. "ఏమైంది? ఎవలు పోయిండ్రు?"

"ఎవ్వలు పోలె," అంది అనసూర్య. "బావనే పోయిండన్నడు. నేను పంతులుతోని చదివిద్దామన్న. అక్కర లేదన్నడు. అడుగుండ్రి."

బుచ్చవ్వ ఏడ్చిన కళ్లు తుడుచుకుంది. పొద్దున్నుంచి ఖర్చు పెట్టిన ఏడుపు వాపసు ఎవరిని అడగాలో తెలియక సిద్దిరాములు వైపు చూసింది.

సిద్దిరాములు గుడ్లు ఉరిమాడు. "మోసం! నీకు తెలుసు! తెలిసే కొంగు పట్టినవు! తియ్యి నా ఐదొందలు!"

"ఏమని తియ్యాలె బావా?" అంది అనసూర్య. "అందరు వింటరు, గట్టిగ చెప్పు. తమ్ముడు చచ్చిండంటె ఐదొందలు ఇచ్చిన, బతికిండని తెలిసి గుంజుకుంటున్న అని చెప్పు. ఆ మాట నీ నోటితోని చెప్పు, ముడి ఇక్కడనే విప్పుత."

బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టి, ఏదో తమాషా జరుగుతోందని గమనించి, ఇంజను ఆపేశాడు.

సిద్దిరాములు చుట్టూ చూశాడు. ముప్పై ఓట్లు చింతచెట్టు కింద నిలబడి ఆయన నోటి వైపే చూస్తున్నాయి. అంబదాస్ చుట్ట వెలిగించుకుని, "చెప్పు సావుకారీ, వింటున్నం," అన్నాడు. ఇంత సుఖంగా అతను ఈ ఏడాదిలో పొగ తాగి ఉండడు.

సిద్దిరాములు మొహంలో మూడు రంగులు మారాయి. చివరికి పెదవులు సాగాయి. నవ్వు అనుకోవాలి.

"పిచ్చిదానా," అన్నాడు. "నేనెందుకు గుంజుకుంట? తమ్ముడు బతికిండంటె నాకంటె ఖుషీ ఎవరికుంటది? వైద్యానికే ఇచ్చిన అనుకో. అసలు నేను మొదటినించి... వైద్యానికి ఇద్దామనే..."

మాట పూర్తి చేయలేకపోయాడు. అంత పెద్ద అబద్ధం ఆయనకు కూడా గొంతు దాటలేదు.

అంబదాస్ పకపకా నవ్వాడు. అనసూర్య బస్సు మెట్టు మీద కాలు పెట్టి అతని వైపు తిరిగింది.

"అంబదాస్ మామా, నవ్వకు. పొద్దుగాల సంఘం తరఫున నాలుగొందలు అన్నవు. అందరు విన్నరు. మూడు నెలలకు మళ్ల సూదులు పెట్టాలె. మొదటిసారి బావ ఇచ్చిండు. రెండోసారి మీది. బతికున్న మెంబరుకు సంఘం ఇయ్యదంటె ఇప్పుడే చెప్పు, ఎలక్షన్ల ముందట అందరికి తెలుస్తది."

చుట్ట అంబదాస్ పెదవుల మధ్యే ఆరిపోయింది.

ఈసారి నవ్వింది సిద్దిరాములు. నిజంగానే నవ్వాడు. తన ఐదొందలు పోయిన బాధ పక్కవాడి నాలుగొందలు పోతున్నాయని తెలియగానే సగం తగ్గే రకం ఆయన.

"ఇస్త," అన్నాడు అంబదాస్ చివరికి, పుల్లటిది తిన్నవాడిలా. "ఇయ్యనన్ననా?"

అతని మాటను నమ్మేంత తెలివితక్కువది కాదు అనసూర్య. మూడు నెలల తర్వాత మళ్లీ వీళ్ల గడపలే తొక్కాలి. మళ్లీ జొన్నరొట్టెలు తుంచుతూ మాట్లాడతారు. కాని నలభై మంది విన్నారు. ఆ మాత్రం చాలు ఇవాళ్టికి. సిద్దిరాములు చేతిసంచి కింద పెట్టేశాడు. పట్నం ప్రయాణం మానుకున్నాడు. బతికున్న తమ్ముణ్ని చూడ్డానికి అంత దూరం ఎందుకు?

బస్సు కదిలింది.

*

శుక్రవారం పది గంటలకు అనసూర్య కౌంటరులో నాలుగొందలు కట్టింది. గుమాస్తా ఒక్కో నోటునూ వెలుతురుకు పట్టుకుని చూశాడు. పక్కన ఒక ముసలాయన కూతురి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన దగ్గర రెండొందల అరవై ఉన్నాయి. సూదులు దొరకలేదు. ఆయన అనసూర్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. కిరాయిలు పోను కొంగులో ఇంకా వందకు కాస్త తక్కువ ఉంది. దాన్ని పిడికిట్లో పట్టుకుని వరండాలోకి నడిచింది. ఆ క్షణంలో తను సిద్దిరాములు కంటే ఎంత మెరుగో ఆమె ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే నడవలేకపోయేది.

కైలాసం చాప మీద గోడకానుకుని ఉన్నాడు. బుగ్గ ఉబ్బి ఒక కన్ను సగం మూసుకుపోయింది. శంకరవ్వ గంజి పోసిన గిన్నె పట్టుకుని పక్కనే ఉంది.

"కట్టిన," అంది అనసూర్య.

అతను ఆమె చేతుల వైపు చూశాడు. పచ్చగాజులు ఉన్నాయి. ఎందుకు చూశాడో అతనికీ తెలియదు.

చాప మాసిపోయి ఉందని ఆమె మూట విప్పి తెల్లగుడ్డ పరిచింది. కైలాసం చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయింది. అంచు బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నలిపాడు. ఎత్తి వెలుతురుకు పట్టాడు. మంచి కన్నుతో చూస్తూ పెదవులు కదిపాడు. లెక్క పెడుతున్నాడు.

"అన్నదేనా?" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఆ."

"దేనికిచ్చిండు?"

అబద్ధం చెబుదామనుకుంది. ఆ బుగ్గ చూశాక చెప్పలేకపోయింది.

"నువ్వు పోయినవనుకున్నడు. నీ మీద కప్పనీకి."

కైలాసం బాగున్న సగం నోరు వంకర తిరిగింది. భుజాలు ఊగాయి. అనసూర్య భయపడి దగ్గరకు జరిగింది. అతను నవ్వుతున్నాడు.

"దీంట్ల గూడ," అన్నాడు, నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. "దీంట్ల గూడ నాలుగు పోగులు ఎగ్గొట్టిండు. చూడు. ఆడ. ఆడ. అరవై నంబరు కాదు, నలభై."

"కైలాసం! సుల్తానాబాద్ కైలాసం!" అని లోపలినుంచి కంపౌండరు పిలిచాడు. "సూదులు రెడీ!"

అతను గోడ పట్టుకుని లేచాడు. కాలితో ఆ గుడ్డను పక్కకు తోశాడు. "తీసెయ్యి దీన్ని. దీని మీద పండుకోను. గలీజు నేత."

అనసూర్య అతని భుజం కింద చెయ్యి వేసి తలుపు వైపు నడిపించింది. వెనక శంకరవ్వ గుడ్డను ఎత్తి, గిన్నెలు పట్టుకోవడానికి పనికొస్తుందని రెండు చేతుల్తో పట్టి లాగింది. చర్రుమని చిరిగింది. అంత తేలిగ్గా చిరుగుతుందని ముసలామె కూడా అనుకోలేదు.